మ్యాపు మీద గీత గీసే ముందు

అమ్మలూ,

నువ్వు జీఐఎస్, అదే కంప్యూటర్‌లో మ్యాపుల పని, నేర్చుకుంటున్నావని, మొదటి ప్రాజెక్టే వరద ముంపు మ్యాపు అని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. నేను ఇన్నేళ్లు చేసిన పనిలోకి మనింటి పిల్ల వస్తోందంటే ఎంత సంతోషమో! ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ముంపు మ్యాపులో గీత కాస్త జరిగినా ఎవరిదో ఇల్లు లెక్కలోంచి జారిపోతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి బెంగ వద్దు. క్యూజీఐఎస్ ఉచితం, దించుకో. వెక్టర్, రాస్టర్ తేడా నాలుగు రోజుల్లో వంటబడుతుంది. వెక్టర్‌లో బావి పాయింట్ (చుక్క), రోడ్డు లైన్ (గీత), చెరువు పాలిగన్ (చుట్టూ మూసిన హద్దు). నేల ఎత్తు లాంటివి గళ్లుగళ్లుగా రాస్టర్‌లో ఉంటాయి. గడి సైజు చూసుకో. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో మామూలుగా ఒక్కో గడి 30 మీటర్లు, అందులో సందులు వెతక్కు.

నా భయమంతా కోఆర్డినేట్ల దగ్గరే. ఏ డేటమ్ మీద, అంటే భూమి మీద చోట్లని లెక్కించే ఏ ఆధారం మీద కొలిచారో తెలియకపోతే అక్షాంశ రేఖాంశాలు ఉత్త అంకెలు. కొన్ని దేశాల పాత డేటమ్‌లకీ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కీ మధ్య వందల మీటర్ల తేడా ఉంటుంది.

నేను పనిచేసిన ఒకచోట జరిగింది చెప్తాను. ముంపు హద్దు షేప్‌ఫైల్ (వెక్టర్ డేటా దాచే ఫైల్) మెయిల్‌లో వచ్చింది. పేరుకు ఒక ఫైలే గానీ అది ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే అని కొన్ని ఫైళ్ల గుంపు. పంపినాయన మొదటి మూడే జత చేశాడు. డేటమ్ వివరం ఉండేది నాలుగోదాంట్లో. అది లేకపోయినా లేయర్, అంటే మ్యాపు మీద ఆ హద్దు పొర, తెరుచుకుంటుంది, అదే ప్రమాదం. అంకెలు డిగ్రీల్లోనే ఉన్నాయి కదా అని ఓ కుర్రాడు డబ్ల్యూజీఎస్ 84 అని పెట్టేశాడు. నిజానికి అవి పాత డేటమ్‌వి. అయినా ఎర్రర్ రాలేదు. హద్దు నది వెంబడే చక్కగా కూర్చుంది. కిలోమీటర్లు తప్పి ఉంటే ఎవరైనా పట్టేవాళ్లు. తప్పింది కొద్దిపాటి దూరం, దాంతో పల్లపు వీధి ఒకటి హద్దు బయటికి పోయింది. మ్యాపు మీద సంతకాలు పడ్డాయి, హెచ్చరిక జాబితా కూడా దాన్నుంచే తయారైంది. ఫీల్డుకు వెళ్లిన సర్వేయర్ గోడల మీద నడుమెత్తున పాత వరద మరకలు చూసి, ‘ఈ ఇళ్లు లిస్టులో ఎందుకు లేవు?’ అని అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. వానలకు ముందే అడిగాడు కాబట్టి సరిపోయింది.

అందరూ ఆ కుర్రాణ్ణి తిట్టారు. అలాంటి ఫైల్ వస్తే ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్తున్నాను: పని ఆపి, పంపినవాళ్లనే అడుగు. గడువు ముంచుకొస్తోందని ఊహించి నింపకు.

సీఆర్‌ఎస్, అంటే కోఆర్డినేట్ల పద్ధతి, సెట్ చేయడం వేరు, రీప్రొజెక్ట్ చేయడం వేరు. మొదటిది ఉన్న అంకెలు ఏ పద్ధతివో చెప్పడమే, రెండోది అంకెలనే మళ్లీ లెక్కేస్తుంది. లేయర్ కుదరలేదని సీఆర్‌ఎస్‌లు ఒక్కొక్కటే మార్చి చూస్తూ కూర్చున్నావో, చెవి మెలేస్తాను! విస్తీర్ణాలు వెబ్ మెర్కేటర్‌లో, అదే ఆన్‌లైన్ మ్యాపులు వాడే పద్ధతిలో, కొలవకు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది నాలుగింతలు చూపిస్తుంది.

చిన్నప్పుడు నా మ్యాపు షీట్లు నేల మీద పరిస్తే నది వెంట వేలు పెట్టి సముద్రందాకా వెళ్లేదానివి, మధ్యలో అన్నానికి పిలిచినా వచ్చేదానివి కాదు. ఆ ఓపిక ఇప్పుడూ ఉంచుకో తల్లీ. హద్దు గీశాక జీపీఎస్ పట్టుకుని దాని వెంట కొంత దూరమైనా నడువు, అక్కడుండేవాళ్లని నీళ్లు ఎందాకా వచ్చాయో అడుగు. ఫైనల్ చేసే ముందు ఫైళ్లన్నీ జిప్ చేసి నాకు పంపు. ఏ రాత్రి పంపినా చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయ్