మేడ తలుపు తాళంచెవి

ఉత్తరం: నాకు 39 ఏళ్ళు. విజయనగరంలో ఉంటాం. గజపతినగరం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. పొద్దున్న ఏడున్నరకు బస్సెక్కితే ఇంటికి చేరేసరికి సాయంత్రం పావుతక్కువ ఆరు. బడిలో పాఠం చెప్పడం కంటే ఫోన్లో ఫొటోలు ఎక్కించడమే ఎక్కువైపోయింది. ఆ టెన్షన్ తట్టుకోలేక రెండేళ్ళ కిందట మేడమీద మొక్కలు మొదలుపెట్టాను. ఇప్పుడు డెబ్బై కుండీలున్నాయి. తెల్లవారుజామున ఓ అరగంట వాటి దగ్గర ఉంటే ఆ రోజు ఎలాగోలా గడిచిపోయేది. మామగారు పోయాక, ఏడాదిగా మా అత్తగారు (68) మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడది పొందూరు. పెళ్ళికి ముందు రాట్నం వడికేవారట. నేను బడికి వెళ్ళాక మేడెక్కి రోజుకు రెండుసార్లు నీళ్ళు పోసేవారు. శ్రావణంలో నా అడీనియం మొక్కలు నాలుగూ కుళ్ళిపోయాయి. లెమన్‌గ్రాస్‌ను పీకేసి, అడిగితే "గడ్డి కాదేటమ్మా అది?" అన్నారు. గులాబీ కుండీలో ఆనప గింజ పెట్టారు. మొన్న సిరిమానోత్సవానికి ఆడపడుచులూ చుట్టాలూ వస్తే అందరినీ మేడమీదికి తీసుకెళ్ళి "ఇవన్నీ నేనే పెంచుతున్నాను" అని చెప్పారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్ల మీద పడిపోతారేమోనని మేడ తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటున్నాను. అప్పటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. మా ఆయన ఎవరికీ ఏమీ చెప్పరు. ఇప్పుడు మొక్కల దగ్గరికెళ్ళినా మనసు నిలబడటం లేదు. మొక్కలు తీసేసి క్రోషియా లాంటి చేతిపని పెట్టుకోవాలనుకుంటున్నాను, సామాను కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను. తక్కువ టైములో ఎక్కువ ప్రశాంతత దేనిలో దొరుకుతుంది?

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. మొక్కలైనా క్రోషియా అయినా ఒకటే. చెయ్యి ఒక పని మీద పడి, ధ్యాస దాని మీదే ఉంటే బుర్ర కాసేపు నోరు మూసుకుంటుంది. పూలు మాల కట్టినా అంతే, బియ్యంలో రాళ్ళేరినా అంతే. క్రోషియా మొదలుపెడితే మరో రెండు నెలల్లో దారం ఉండ ఎవరు ముట్టుకున్నారని నాకు ఇంకో ఉత్తరం రాస్తారు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెడదాం.

మీరు అసలు రాయాల్సిన సంగతి తాళం. దాన్ని ఒక్క వాక్యంలో, మోకాళ్ళ నొప్పుల వెనకాల దాచేసి, దాటేశారు.

కోప్పడకుండా నాతోపాటు మీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదవండి. అడీనియంలు పోయింది శ్రావణంలో. తాళం పడింది సిరిమాను తర్వాత. అంటే దసరా దాటాక. నీళ్ళు ఎక్కువ పోయడమే కారణమైతే తాళం శ్రావణంలోనే పడాలి. మోకాళ్ళే కారణమైతే ఆవిడ మీ ఇంటికొచ్చిన మొదటి నెలలోనే పడాలి. ఇన్నాళ్ళూ రోజుకు రెండుసార్లు బకెట్టు పట్టుకుని ఎక్కినప్పుడు లేని భయం, చుట్టాలు వెళ్ళిన మర్నాడు వచ్చిందా? ఆవిడ "నేనే పెంచుతున్నాను" అన్న మాటకు మీరు తాళం వేశారు. నాకైనా ఆ మాటకు ఒళ్ళు మండేది, అది వేరే సంగతి. ఐదింటికి లేచి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలుపుకుని, పిండినల్లి పట్టిన ఆకులు ఒక్కొక్కటీ తుడుచుకున్న మనిషికి ఆ మాట గుచ్చుకోదూ! కానీ గుచ్చుకుంది అని రాయండి. మెట్ల మీద పడిపోతారేమో అని రాయకండి.

ఇంకో మాట. శ్రావణమాసంలో ఆరుబయట మేడమీద ఉన్న అడీనియం కుళ్ళడానికి అత్తగారు అక్కర్లేదు, వాన చాలు. అది ఎడారి మొక్క, నీళ్ళన్నీ ఆ లావు మొదట్లోనే దాచుకుంటుంది. వానాకాలంలో దాన్ని చూరు కిందికి జరపాలి. మీరు జరిపారా? రాయలేదు. నాలుగు మొక్కల నేరం పూర్తిగా ఆవిడ మీద వేసేశారు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు మరొకటుంది. "రాట్నం వడికేవారట." ఆవిడ చుట్టాలతో ఏమన్నారో అక్షరం పోకుండా రాశారు. అత్తగారి చేతిపని దగ్గరికొచ్చేసరికి ఒక "అట". ఎన్నేళ్ళ కాపురం మీది? ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా, ఒక్కరోజైనా "ఎలా వడికేవారత్తయ్యా?" అని అడగలేదన్నమాట.

పొందూరు సన్నఖద్దరు దారం ఎలా వస్తుందో తెలుసా మీకు? కొండపత్తిని గింజతో సహా చేత్తో పట్టుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చేప పళ్ళు అంత సన్నం, అంత దగ్గర. నలకంతా వదిలిపోతుంది, పీచు మాత్రం తెగదు. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని నూలు తీస్తారు. ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి వచ్చే దారం కంటికి ఆనదు, వేళ్ళకే తెలుస్తుంది. కాస్త గట్టిగా లాగితే తెగుతుంది, వదిలితే ముద్దకడుతుంది. గాంధీగారు తన కొడుకు దేవదాసును పంపి మరీ చూసి రమ్మన్న పని అది. ఆ పని వచ్చిన మనిషి మీ ఇంట్లో మెట్ల కింద కూర్చుని ఉంటే, మీరు చేతిపని నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో సామాను తెప్పించుకున్నారు.

నేను నీతులు చెబుతున్నానని అనుకోకండి. ఈ తప్పు నేనూ చేశాను. మాది శ్రీకాకుళం. నాన్న పోయాక అమ్మను తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. వంటకు మనిషిని పెట్టాను. చేట పట్టుకుంటే లాక్కున్నాను. "నువ్వు చేసింది చాలమ్మా, కూర్చో" అనడం పెద్ద ప్రేమ అనుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. టీవీ కట్టేసి ఉంది. చీర చెంగు మూలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని వత్తిలా నులుముతోంది. విప్పుతోంది. మళ్ళీ నులుముతోంది. ఆ మూల దారాలు లేచిపోయి, బట్ట పలచబడి, అవతలి వేలు కనిపిస్తోంది. ఎన్నాళ్ళ నుంచి చేస్తోందో! మర్నాడు రెండు కిలోల చింతపండు తెచ్చి ముందర పడేశాను. పిక్కలు తీస్తూ, పురుగు పట్టిన సరుకు చూసుకోకుండా తెచ్చావని నన్ను గంటసేపు తిట్టింది. మా ఇంటికొచ్చాక ఆవిడ నన్ను తిట్టడం అదే మొదటిసారి. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది కూడా.

పెద్దవాళ్ళకు వేళకు అన్నం పెట్టి, మందులిచ్చి, చేతిలో పని లాక్కుంటే అది సేవ అని నేను ఒప్పుకోను. ఎవరేమన్నా ఒప్పుకోను. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. యాభై ఏళ్ళు తన ఇంట్లో తాను పెత్తనం చేసిన మనిషికి కొడుకింట్లో "ఇది నాది" అని చూపించుకోవడానికి ఏమీ లేకపోవడం చిన్న సంగతి కాదు. కూతుళ్ళొస్తే ఏం చూపించమంటారు ఆవిడని? మీరు కొన్న ఫ్రిజ్జా, మీరు కట్టించిన మేడా? పొద్దున్నా సాయంత్రం తన చేత్తో నీళ్ళు పోసిన మొక్కల్ని చూపించుకున్నారు. కాస్త ఎక్కువే చెప్పుకున్నారు. మీరు మాత్రం స్టేటస్‌లో ఫొటో పెట్టినప్పుడు "మట్టి మోసింది మా ఆయన" అని రాశారా?

మీ ఆయన సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు, నేనూ అంతే రాస్తాను. ఆయన మధ్యవర్తిత్వం మీకు అక్కర్లేదు. ఏం చెప్పాలన్నా అత్తగారికి మీరే, మీ నోటితోనే చెప్పండి.

ఇక డెబ్బై కుండీలు. మీకు దొరికేది అరగంట. ఒక్కో కుండీకి అర నిమిషం కూడా రాదు. టీచరు కదా, మీకే తెలుస్తుంది, అది హాజరు తీసుకోవడం. ప్రశాంతత అందులో ఎక్కణ్ణుంచి వస్తుంది? పాతికో ముప్పయ్యో ఉంటే ఒక్కో మొక్క దగ్గర నిలబడి, ఆకు తిప్పి చూసి, మట్టిలో రెండో కణుపు దాకా వేలు గుచ్చి తడి చూసి, అంటుకుంటే నీళ్ళు మాని, పొడిగా ఉంటే పోసి, మెల్లగా కిందికి దిగుతారు. మిగిలినవి మీ అత్తగారివి. సాయం చేస్తున్నారని కాదు, ఆవిడవే. అందులో ఏం పెట్టినా ఆవిడిష్టం. తోటకూర పెడితే పాతిక ముప్పై రోజుల్లో కోతకొస్తుంది. కార్తీకం చలికి కొత్తిమీర, మెంతికూర బాగా వస్తాయి. బచ్చలి కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ఇవన్నీ నేను చెప్పాలా, ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

మీ పువ్వుల మొక్కలు, కొత్తగా కొనుక్కునే అడీనియంలు మీ వైపు పెట్టుకోండి. "అత్తయ్యా, ఇవి ఎడారి మొక్కలు, వారానికోసారి నేనే పోసుకుంటాను, మీరు పొయ్యకండి" అని మొహం చూసి చెప్పండి. అలా చెప్పడం మర్యాద తప్పడం కాదు. మీ తెల్లవారుజాము అరగంట కూడా మీదే, దాన్ని వదులుకోమని ఎవరన్నా వదులుకోవద్దు. ఆ టైములో కాఫీ కూడా పెట్టకండి, ఇంట్లో ఎవరో ఒకరు పెట్టుకుంటారు. సాయంత్రం నాలుగు దాటి ఎండ తగ్గాక మేడ ఆవిడది. మీరు బడి నుంచి వచ్చి తనిఖీ చెయ్యకూడదు. ఎక్కువ నీళ్ళు పోసి ఆవిడ తోటకూర ఆవిడే కుళ్ళబెట్టుకుంటే, మీకు తెలిసినా ఊరుకోవాలి. ఇది కష్టం. క్రోషియా కంటే చాలా కష్టం.

మోకాళ్ళ భయం నిజంగానే ఉంటే మెట్లకు చేతిపట్టు వేయించండి. నిండు బకెట్టు మోయకుండా పైన ఒక కుళాయి పెట్టించి పైపు తగిలించండి. పడిపోతారని భయపడేవాళ్ళు ఇంట్లో చేసే పని అది.

తాళం సంగతి. క్షమించమని అడగకండి, ఆవిడ మరింత ముడుచుకుపోతారు. మీకూ లోపల్నుంచి రాదు. ఈ రాత్రే తాళం తీసేసి, తాళంచెవి దేవుడి గదిలో మేకుకు తగిలించండి. ఎందుకు తీశారో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేపు సాయంత్రం కాళ్ళు కడుక్కుని ఆవిడ పక్కన అరుగు మీద కూర్చోండి. ఎలాగూ కార్తీకమాసం, కాస్త దూది తీసుకెళ్ళండి. మీకు వత్తి చెయ్యడం సరిగ్గా రాదని నాకు గట్టి అనుమానం. బజారులో ప్యాకెట్టు కొంటూ ఉంటారు. వేళ్ళకు విభూతి అద్దుకుని నులమడానికి ప్రయత్నించండి. ఓ చోట లావూ ఓ చోట సన్నం వస్తుంది. నూరో నంబరు నూలు తీసిన మనిషి ఆ దృశ్యం చూస్తూ ఎంతసేపు ఊరుకుంటారో నేనూ తెలుసుకోవాలని ఉంది. మీ చేతిలోంచి దూది లాక్కుంటే లాక్కోనివ్వండి.

క్రోషియా సామాను ఎలాగూ వచ్చింది కాబట్టి సెలవుల్లో ఇద్దరూ ముందు పెట్టుకుని కూర్చోవచ్చు, మీకు ఓపికుంటే. వీలైతే ఒక ఆదివారం ఆవిడను పాసింజరు బండెక్కించి పొందూరు తీసుకెళ్ళండి. చీపురుపల్లి దాటాక ఎంతోసేపు పట్టదు. అక్కడ ఇంకా వడికేవాళ్ళున్నారు. ఆవిడ వెంట మీరు మాత్రమే వెళ్ళండి. పిల్లలు వద్దు, ఆయన వద్దు. ఇది అత్తాకోడళ్ళు స్నేహితురాళ్ళు అయిపోవాలని చెప్పడం లేదు. అవ్వక్కర్లేదు కూడా. మీకు ఆవిడ మీద ప్రేమ పుట్టకపోయినా నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక మనిషి ఏం చెయ్యగలదో తెలిసి ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండటం, తెలియకుండా ఉండటం ఒకటి కాదు.

చివరిగా ఒకటి అడగాలి. ఆ గులాబీ కుండీలో ఆనప మొక్క ఏమైంది? పీకేశారా, ఉందా? రాయలేదు. ఉంటే ఈపాటికి తీగ సాగి పూతకు వచ్చి ఉండాలి. నాలుగు వెదురు కర్రలు, నైలాన్ తాడు తెచ్చి ఆదివారం పందిరి వెయ్యమని మీ ఆయనకు చెప్పండి, ఆయన నోరు విప్పక్కర్లేని పనే. ఆనప పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, సరిగ్గా మీరు బస్సు దిగి వచ్చే వేళకి. మేడల మీద పురుగుల రాకపోకలు తక్కువ, పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతుంటాయి. మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. ఏది ఆడపువ్వో తెలియకపోతే అత్తగారిని అడగండి.