సైబర్ సార్వభౌమత్వమా, సార్వభౌమాధికారమా?

సందేహం: చైనా, రష్యాల ఇంటర్నెట్ చట్టాలను గురించిన వార్తల్లో ఒకచోట ‘సైబర్ సార్వభౌమత్వం’ అని, మరొకచోట ‘సైబర్ సార్వభౌమాధికారం’ అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ‘భూమి’ నుంచి పుట్టిన మాట ఇంటర్నెట్‌కు పొసగుతుందా?

సమాధానం: రెండూ సాధురూపాలే గాని, ఒకదానికి బదులు మరొకటి వాడదగినవి కావు. సర్వభూమికి ప్రభువు అనే అర్థంలో ‘సర్వభూమి’ శబ్దంపై అణ్ అనే సంస్కృత ప్రత్యయం చేరి, ఉభయపదాల తొలి అచ్చులకూ వృద్ధి కలిగి (‘స’లోని అ ఆగా, ‘భూ’లోని ఊ ఔగా మారి) ‘సార్వభౌమ’ అయింది. శ్రీనాథుని బిరుదైన కవిసార్వభౌముడులో ఉన్నదీ ఈ మాటే. దీనికి ‘త్వ’ చేరితే సార్వభౌముడై ఉండడమనే స్థితి; ‘అధికారం’తో సమాసమైతే ఆ స్థితి వల్ల చేతికి వచ్చే శక్తి.

చైనా ప్రభుత్వం తన భూభాగంలోని ఇంటర్నెట్ తన సార్వభౌమత్వ పరిధిలోదేనని 2010 నాటి శ్వేతపత్రంలో ప్రకటించింది. ప్రతి దేశపు సైబర్ సార్వభౌమత్వాన్నీ గౌరవించాలని 2015 డిసెంబరులో చైనాలోని వూజెన్‌లో జరిగిన ఇంటర్నెట్ సదస్సులో ఆ దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ అన్నారు. రాజ్యం తానెవరో చాటుకుంటున్న ఈ సందర్భాల్లో ‘త్వ’ ప్రత్యయాంతమే తగినది. రష్యాలో 2019 నవంబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం సంగతి వేరు. దాని ప్రకారం ఇంటర్నెట్ సంస్థలు తమ నెట్‌వర్కుల్లో ప్రభుత్వం నిర్దేశించిన పరికరాలను అమర్చుకోవాలి. వాటి ద్వారా నియంత్రణ సంస్థ రోస్కొమ్‌నద్జోర్ ఏ సైటునైనా అడ్డుకోగలదు, దాని వేగాన్ని తగ్గించగలదు. 2021 మార్చిలో ట్విట్టర్ వేగాన్ని అలాగే తగ్గించింది. ఇది అచ్చంగా సార్వభౌమాధికారం. దీన్ని ‘సార్వభౌమత్వం’ అని రాస్తే పౌరుడి ఫోనులో జరిగిన పని మరుగున పడి, రాజ్యపు గౌరవమొక్కటే పాఠకుడికి కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రకటనలోని మాటను విలేఖరులు యథాతథంగా దించుకోవడం నాకు సమ్మతం కాదు.

మన దేశంలోనూ 2020 జూన్‌లో ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు కేంద్రం చూపిన కారణాల్లో సార్వభౌమత్వ రక్షణ ఒకటి, ప్రయోగించింది సార్వభౌమాధికారం.

ఇక భూమి మాట. సముద్రగర్భ కేబుల్ ఒడ్డు చేరే చోటు, సర్వర్లున్న భవనం, లైసెన్సు పొందిన సంస్థ కార్యాలయం ఏదో ఒక ప్రభుత్వపు నేల మీదే ఉంటాయి. కీలక సదుపాయాల నిర్వాహకులు చైనాలో సేకరించిన వ్యక్తిగత సమాచారాన్ని ఆ దేశంలోనే నిల్వ చేయాలని అక్కడి 2017 సైబర్ భద్రతా చట్టం ఆదేశించడానికి ఆధారం ఆ నేలే. కనుక భూమి అర్థం చెడలేదు. అర్థసంకోచం, అంటే అర్థపు పరిధి కుదించుకుపోవడం, జరిగింది ‘సర్వ’ శబ్దానికి: అది ఇప్పుడు లోకంలోని భూమినంతటినీ కాక, ఒక రాజ్యపు సరిహద్దులకు లోబడిన భూమిని మాత్రమే చెబుతున్నది.