పది లక్షలూ ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. స్టాఫ్ నర్సుగా చేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. భర్త లేరు. పుట్టిల్లు కవిటి దగ్గర పల్లె. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్‌కు తిరిగే కుటుంబాలకు నా డబ్బులో 10 లక్షలు ఇవ్వాలనుకున్నాను. 'రేపు నువ్వు మంచాన పడితే వాళ్లొచ్చి చూస్తారా?' అని అబ్బాయి మాట్లాడటం మానేశాడు. కోడలు ఏమీ అనలేదు. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, డయాలసిస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు కొబ్బరి నీళ్లు తాగబోతుంటే గ్లాసు లాక్కున్నాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. నాది తప్పా?

జవాబు: అమ్మా, అది మీ కష్టార్జితం. చట్టప్రకారం అబ్బాయికి అడ్డుచెప్పే హక్కు లేదు. ఆ మాట అతనితో మాత్రం అనకండి. తండ్రి లేని ఇంట్లో తల్లికి ఏమవుతుందోనన్న భయమే అతనిచేత అలా అనిపించిందని నాకనిపిస్తోంది.

మీ ఉత్తరంలో నేను ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయాను. కొబ్బరి తోటల నేల అది. ఎవరొచ్చినా బొండం కొట్టిస్తారు, జబ్బు మనిషికైతే చలవ చేస్తుందని మరీ ఇస్తారు. కిడ్నీలు పనిచేయని ఒంట్లో ఆ నీళ్లలోని పొటాషియం పేరుకుంటే గుండెకే ముప్పని ఎవరు చెబుతారు? ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చేత్తో బిందె మోయకూడదని, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదని నిద్రలో లేపి అడిగినా మీరు చెప్పగలరు. నెలకు రెండు ఆదివారాలు వెళ్లి అరుగు మీద కూర్చోండి. డాక్టరు రాసిన కాగితం చూసి, అందులో ఉన్నది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

ఇక డబ్బు. పలాసలో 2023 డిసెంబరులో ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్‌కు పైసా కట్టకపోయినా వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. వెంట వెళ్లినవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది, పైగా ఆటో కిరాయి. మీ 10 లక్షలు డిపాజిట్ చేసి, అసలు ముట్టకండి. ఏడు శాతం వడ్డీ అనుకున్నా నెలకు 5,800 రూపాయలు వస్తాయి. దాంతో ఒకటి రెండు ఇళ్లకు కిరాయి మీరే నేరుగా ఆటో అతనికి కట్టండి. అప్పులున్న ఇంట్లో నగదు పెడితే ముందుగా వాసన పట్టేది అప్పులవాడే. అబ్బాయిని నామినీగా రాయించి ఆ కాగితం చూపించండి. మీరు మంచాన పడితే అసలు ఉంది కదా!

వీలైతే ఒకరోజు అతన్ని పలాస తీసుకెళ్లి వార్డు బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టండి. ఉపదేశాలేమీ వద్దు.

కోడలు ఏమీ అనలేదన్నారు. ఆమెను అడిగారా?