డాక్టర్ సలహా: అశ్వగంధ మోతాదు పెంచే ముందు థైరాయిడ్ పరీక్ష

ప్రశ్న: నా వయసు 47. ఐదేళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉందని థైరాక్సిన్ మాత్ర వాడుతున్నాను. ఆందోళన తగ్గి నిద్ర పడుతుందని నాలుగు నెలలుగా అశ్వగంధ మాత్రలు వేసుకుంటున్నాను. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు మళ్లీ నిద్ర పట్టడం లేదు. మోతాదు రెట్టింపు చేయవచ్చా? ఉదయం వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా? ఈమధ్య గుండెదడగా ఉంటోంది, కాస్త బరువు కూడా తగ్గాను.

జవాబు: రెట్టింపు చేయకండి. ఉదయమా, రాత్రా అన్నది తర్వాతి మాట. మీరు చివర్లో యథాలాపంగా రాసిన గుండెదడ, బరువు తగ్గడమే నాకు ముఖ్యం.

అశ్వగంధ, అంటే పెన్నేరు గడ్డ, కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. మీరు అదే హార్మోన్‌ను మాత్రగా తీసుకుంటున్నారు. రెండూ కలిసి మోతాదు మించితే దడ, చెమటలు, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఏ బాధ పోవాలని వేసుకున్నారో అదే బాధ! మిమ్మల్ని చూడకుండా ఇదే కారణమని తేల్చలేను. రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పినా దడ వస్తుంది.

ప్రస్తుతానికి అశ్వగంధ ఆపండి. థైరాక్సిన్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు, తగ్గించవద్దు. ఈ వారంలోనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (ఈ రెండూ థైరాయిడ్ రక్తపరీక్షలు), హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు, ఈసీజీ చేయించుకుని మీ డాక్టర్‌ను కలవండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే ముందే చెప్పండి, అది థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేయగలదు. డాక్టర్ థైరాక్సిన్ మోతాదు మారిస్తే 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి.

అశ్వగంధ పనికిరాదని నేను అనడం లేదు. నిద్ర, ఆందోళనల విషయంలో కొంత మేలు కనిపించిన చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా 2, 3 నెలలపాటు జరిగినవే. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. గర్భిణులు వాడకూడదు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది.

ఇంకొక మాట, కోప్పడుతున్నానని అనుకోకండి. ఈ నాలుగు నెలల్లో మీ డాక్టర్‌కు అశ్వగంధ సంగతి చెప్పారా? ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడిగితే చాలామంది మూలికలను లెక్కలోకే తీసుకోరు. నేను ఇప్పుడు ‘వేర్లు, పొడులు, కషాయాలు కూడా చెప్పండి’ అని విడిగా అడుగుతున్నాను. అప్పుడు గానీ సంచిలోంచి డబ్బాలు బయటికి రావు. ఈసారి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకెళ్లండి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒంటినిండా దురద పెట్టినా వారం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.