ఎస్ఐ జాయింట్ ఫ్యూజన్ చేయించొచ్చా అంటే, ముందు ఆ ఇంజెక్షన్ ఎక్కడ చేశారో కనుక్కోండి

రెండో కాన్పు తర్వాత నుంచి మీ అక్కకి మూడేళ్లుగా కుడి పిర్ర పైన నొప్పి, ఇంజెక్షన్లు చేశారు కానీ పని చేయలేదు, ఇప్పుడు డాక్టర్ చిన్న కోతతో ఎస్ఐ జాయింట్ ఫ్యూజన్ (వెన్ను చివరి ఎముక, తుంటి ఎముక కలిసే కీలుని కదలకుండా బిగించడం) చేద్దాం అంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. నేను 2023లో ఎడమవైపు చేయించుకున్నానండి, ఇక్కడ డాలస్ దగ్గర. నాకు మేలు జరిగింది. అయినా వెంటనే చేయించేయండి అని చెప్పలేను, మీరు రాసినదాంట్లో ఆ "ఇంజెక్షన్లు పని చేయలేదు" అన్న ముక్క చదవగానే నాకు భయమేసింది.

ఏ ఇంజెక్షన్? ఎక్కడ చేశారు?

నా సంగతి చెప్తా. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు కదా, అప్పుడు ఇంటి ముందు గడ్డకట్టిన నేల మీద కాలు జారి ఎడమ పిర్ర మీద కూలబడ్డా. నాలుగు రోజుల్లో తగ్గుతుందిలే అనుకుంటే తగ్గలేదు, మంచం మీద పక్కకి తిరగాలన్నా, కార్లోంచి దిగాలన్నా, మెట్లెక్కాలన్నా పొడిచినట్టు ఉండేది, కుర్చీలో ఎప్పుడూ కుడి పిర్ర మీద బరువేసి ఒరిగి కూర్చునేదాన్ని. ఎంఆర్ఐలో నడుం దగ్గర ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ కొంచెం ఉబ్బింది అని చూసి సయాటికా, అంటే వెన్ను దగ్గర నరం నొక్కుకుని వచ్చే నొప్పి అన్నారు, వెన్నులో రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. ఏమీ తగ్గలేదు. అలా ఏడాదిన్నర పోయింది.

చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అంది. నడుం కింద వెనక రెండు గుంటలుంటాయి చూడండి, సరిగ్గా ఎడమ గుంట మీద వేలు పెట్టా. తర్వాత పడుకోబెట్టి తొడని కిందకి నొక్కడం, కాలు మడిచి పక్కకి వంచడం, తుంటిని పక్క నుంచి అదమడం, ఇలా ఐదు పరీక్షలు చేస్తే నాలుగింటికి అరిచా. మూడింటికి నొప్పొస్తే చాలట ఎస్ఐ జాయింట్‌ని అనుమానించడానికి. అనుమానం మాత్రమే.

రుజువు కావాలంటే ఎక్స్‌రేలో చూసుకుంటూ సూదిని ఆ కీలు లోపలికే పంపి మత్తుమందు ఇవ్వాలి. దాన్ని బ్లాక్ అంటారు. నాకు చేసిన రోజు ఇంటికొచ్చి రెయిలింగ్ పట్టుకోకుండా మేడ మీదకి ఎక్కా, పైకి వెళ్లాక గానీ ఆ సంగతి గమనించలేదు, అక్కడే కూర్చుని ఏడ్చేశా. నాలుగు గంటలే, రాత్రికి నొప్పి మళ్లీ వచ్చేసింది. మా ఆయన అయ్యో ఇది కూడా పని చేయలేదే అన్నారు. కానీ పని చేసిందండీ, ఆ నాలుగు గంటలే రుజువు! మత్తు దిగాక నొప్పి తిరిగి రావడం మామూలే. మీ అక్కకి కీలు లోపలే చేసి, ఆ మొదటి కొన్ని గంటలు కూడా సగానికి సగం తగ్గకపోతే, నొప్పి పుట్టేది అక్కడ కాదేమో, అప్పుడు ఫ్యూజన్ చేసినా దండగే. అసలు వెన్నులోనే చేసి ఉంటే ఎస్ఐ జాయింట్‌ని ఇంకా ఎవరూ పరీక్షించనట్టే.

ఇంకోటి, పొద్దున లేవగానే చాలాసేపు బిగుసుకుపోయి తిరిగే కొద్దీ హాయిగా ఉంటుంటే ముందు రుమటాలజిస్ట్‌కి (కీళ్లవాతం డాక్టర్‌కి) చూపించండి. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను, ఎస్ఐ జాయింట్లు వాచి బిగుసుకుపోయే వాతం) అయితే దానికి మందులు వేరే ఉన్నాయి.

ఆపరేషన్ గంట పట్టింది. పిర్ర పక్కన మూడు సెంటీమీటర్ల కోత, తుంటి ఎముకలోంచి వెన్ను చివరి ఎముకలోకి మూడు టైటానియం ముక్కలు, త్రికోణంగా ఉంటాయి, దిగ్గొడతారు, మెల్లగా ఎముక వాటిని పట్టుకుంటుంది. ఆ కీలు మామూలుగానే రెండు మూడు డిగ్రీలకి మించి కదలదు కాబట్టి బిగించినా వంగడానికి నాకు తేడా తెలీలేదు. అదే రోజు ఇంటికి పంపేశారు. మూడు వారాలు క్రచెస్ మీద, ఎడమ కాలు మీద పూర్తి బరువు వేయకూడదు. తెనాలి నుంచి అమ్మ వచ్చింది, ఆపరేషన్ అంటే పత్యం ఉండాల్సిందే అని గోంగూర, వంకాయ దగ్గరికి రానివ్వలేదు, ఆవిడే లేకపోతే ఆ మూడు వారాలు గడిచేవి కావు. ఐదో వారంలో కుడివైపు నొప్పి మొదలై హడలిపోయా, నడక మారడం వల్లన్నారు, ఫిజియో చేస్తే పోయింది. మూడో నెలకి తేడా బాగా తెలిసింది. పదికి ఎనిమిది ఉండే నొప్పి ఇప్పుడు రెండు, ఎక్కువసేపు నించుంటే మూడు. పూజ దగ్గర కింద కూర్చోగలుగుతున్నా. పూర్తిగా పోలేదు.

రిస్కులు అడగండి. ముక్క నరానికి తగిలితే కాల్లోకి కరెంటు కొట్టినట్టు నొప్పి వస్తుంది, మళ్లీ తీసి వేయాలి. ఇన్ఫెక్షన్, ముక్క వదులవడం కూడా ఉంటాయి. అమెరికాలో 148 మంది మీద చేసిన ట్రయల్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చాలా మెరుగ్గా ఉన్నారు, కానీ దానికి డబ్బు పెట్టింది ఆ ఇంప్లాంట్ తయారుచేసే కంపెనీ, పైగా ఎవరికి ఆపరేషన్ అయిందో అందరికీ తెలుసు. 2024లో వచ్చిన నార్వే, స్వీడన్ ట్రయల్‌లో కొందరికి కోత పెట్టి ముక్కలు వేయకుండా కుట్టేశారు, ఎవరికి వేశారో పేషెంట్లకి చెప్పలేదు, ఆరు నెలల దగ్గర రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నాకు తగ్గింది నిజం, ఇది కూడా నిజం, మీ అక్కకి రెండూ తెలియాలి.

పాత రిపోర్టుల్లో ఇంజెక్షన్ ఏ చోట ఇచ్చారో రాసి ఉంటుంది. అది చూసి, ఆ రోజు ఎన్ని గంటలు ఎంత తగ్గిందో అక్కని అడిగి ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటా.