తూమోణ్ణి బకెట్లో ఎక్కించే ముందు

బిడ్డా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అక్కా, ఇది చెరువులోంచి ఏదో పట్టుకొచ్చి బాత్రూంలో పెట్టింది, అది నాతో మాట్లాడుతోంది" అని. ఏమంటోందే అని అడిగితే, చాయలో చక్కెర ఎక్కువైందంటోందట. అప్పుడే అర్థమైంది నాకు, వాడు తూమోడని, చెరువు తూముల్లో బతికే నీళ్ల పిల్లగాడని. మీ అమ్మ చాయలో చక్కెర ఎక్కువే. తూమోళ్లకు అబద్ధం చెప్పడం రాదు.

సద్దుల బతుకమ్మ నాడు పానగల్ చెరువులో బతుకమ్మను వదిలితే తంగేడు పూల మధ్య కూర్చుని నీ దిక్కే చూశాడట కదా. అంతమంది ఆడవాళ్లలో నువ్వొక్కదానివే చెయ్యి చాపావు. మిగతావాళ్లు కప్ప అనుకుని ఉంటారు. అది విన్నప్పుడు నా కడుపు నిండింది, నిజం చెప్తున్నా. కానీ ఆదివారం బస్సులో వాణ్ణి హైదరాబాద్ తీసుకెళ్లి దిల్‌సుఖ్‌నగర్ రూంలో పెట్టుకుంటానన్నావట, అప్పటి నుంచి నాకు టెన్షన్.

మూతకు చిల్లులున్న బకెట్ తీసుకో. నీకు టికెట్ ఫ్రీ, బకెట్‌కు లగేజీ కొడతానంటే కొట్టించుకో, కండక్టర్‌తో వాదన పెట్టుకోకు, లోపల్నుంచి వాడు కూడా మాట కలుపుతాడు. తిండికి రంది లేదు, మలీద ముద్ద, నానిన పల్లీలు చాలు. రాత్రిళ్లు తిరుగుతాడు, పొద్దున సీలింగ్ మీద తడి అడుగులు కనిపిస్తాయి, ఓనర్ చూడకముందే తుడిచెయ్యి. వాడున్న ఇంట్లో నల్లా అరగంట ఎక్కువ వస్తుంది. ఆ సంగతి పక్క రూం వాళ్లకు చెప్పావో, నీ గుమ్మం ముందు బిందెలు లైను కడతాయి.

ఇవన్నీ నువ్వే చూసుకోగలవు. వాణ్ణి ఏ నీళ్లల్లో పెడతావు? మీ అమ్మను అడిగితే "ఏవో ఒకటి, నీళ్లు నీళ్లే కదా" అంది. నేనూ అట్లనే అనుకున్నా ఒకప్పుడు.

1981 ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు, మీ అమ్మ ఇంకా చంకలో పిల్ల, దానికేం గుర్తుండదు. మర్రిగూడ దిక్కు మన ఊరి చెరువు పూర్తిగా ఎండి నెర్రెలిచ్చింది. తూము లోపల చారెడు బురద మిగిలితే అందులో సోలెడంత పిల్లగాడు ముడుచుకుని ఉన్నాడు. పాల పళ్లు ఊడుతున్న వయసు. బిందెలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, పెరట్లో గోలెం కడిగి, బోరింగు కొట్టి కొట్టి నింపి అందులో దింపాను. అద్దంలా తేట నీళ్లు, చల్లగా. ఇంతకంటే ఏం కావాలి వాడికి అనుకున్నా. మొదట్లో గోలెం అంచు మీంచి ఒక్క దుముకు దుమికి ఇంటి పెంకుల మీద పడేవాడు, నానమ్మ పిల్లి అనుకుని తిట్టేది.

వారం తిరక్కముందే చెప్పాడు, "అక్కా, నీళ్లు కరుస్తున్నయ్" అని. నాటకాలాడకు అన్నాను. మళ్లీ చెప్పాడు, మళ్లీ కసిరాను. ఎండలో చెయ్యి నొప్పి పుట్టేలా బోరింగు కొట్టేది నేనైతే వాడికి వంకలేందని నా కోపం. కొన్నాళ్లకు చెప్పడం మానేశాడు. అలవాటైందనుకుని సంతోషపడ్డా, చూడు ఎంత తెలివో. రెండేళ్లు అట్లనే ఉంచాను. కొత్త పళ్లు వచ్చాయి, వాటి మీద గోధుమరంగు చారలు. పెంకుల మీదికి దుమకడం పోయి, గోలెం అంచు పట్టుకుని లేచేవాడు, ముసలివాళ్లు నులక మంచం మీంచి లేచినట్టు. వాడొక్కడే కాదు, మా వాడకట్టులో కాళ్లు వంకర పోయిన పిల్లలు ఎంతమందో. తలరాత అన్నారు. నీళ్ల మీదికి మాత్రం ఎవరి మనసూ పోలేదు.

అది ఫ్లోరైడ్ అని తర్వాతెప్పుడో అంగన్‌వాడీలో చేరాక తెలిసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దట. కంటికి కనపడదు, కాగబెడితే పోదు. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి ఊరూరా మన పేరే పెట్టుకున్నారు, నల్లగొండ టెక్నిక్ అని. మన జిల్లాకు పేరొచ్చింది చూడు దేనికో.

అందుకే చెప్తున్నా, బోరు నీళ్లు వద్దు, ఎక్కడివో తెలియని ట్యాంకర్ నీళ్లు వద్దు. ఫిల్టర్ వేస్ట్ పైపు కింద బకెట్ పెట్టి పొదుపు చేస్తావు నువ్వు, తెలుసు నాకు, ఆ నీళ్లు అసలే వద్దు, వడపోసిన చెడంతా అందులోకే దిగుతుంది. నల్లాలో కృష్ణ నీళ్లు వస్తే అవి పట్టి, మందు వాసన పోయేదాకా ఒక రాత్రి మూత తీసి ఉంచు. పానగల్ చెరువుకు కాలవలో వచ్చేవీ ఆ కృష్ణ నీళ్లే, వాడికి ఇంటి వాసన తగులుతుంది. ఇంత చేసినా వాడు నీళ్లు బాలేవంటే వాడి మాటే విను, నువ్వు ఎంత అలిసిపోయి వచ్చినా సరే. అదే బకెట్లో తిరుగు బస్సెక్కు.

అప్పట్లో నన్ను తిట్టి మా నాయనే ఆ గోలెంలోవాణ్ణి బిందెలో తీసుకెళ్లి వదిలాడు. నేను వెళ్లలేదు, వాడి మొహం చూడలేక. ఎక్కడ వదిలావు అంటే పానగల్ పెద్ద చెరువులో అన్నాడు.

చిన్నప్పుడు నా పళ్లు చూసి "పెద్దమ్మా, బ్రష్ చేసుకోవా" అని నవ్వేదానివి, ఫోటోల్లో నోరు మూసుకుంటానని ఇప్పుడూ పోరు పెడతావు. ఆ గోలెం నీళ్లే నేనూ తాగి పెరిగాను బిడ్డా. నువ్వు ఈ రాత్రి వాణ్ణి ఎట్లైనా నవ్వించు. ముందు పళ్లు చూడు. చారలుంటే ఏమీ అడక్కుండా నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే, వీడియో కాల్ చెయ్యి. నేను నోరు మూసుకోను.

మీ పెద్దమ్మ