‘గేప్’: చూపా, నోరా?

సందేహం: అనువాదంలో ఇంగ్లీషు ‘గేప్’కు ప్రతిచోటా ‘నోరెళ్ళబెట్టు’ అని వాడాను. గాయానికీ, చొక్కాకీ అది నప్పదన్నారు. అసలు ఈ మాటకు అర్థం చూడటమా, నోరు తెరవడమా? ‘గ్యాప్’తో చుట్టరికం ఉందా? చర్చిలో వినే ‘అగాపే’ కూడా ఇదేనా?

సమాధానం: నోరు తెరవడమే మొదటి అర్థం. చూపు తర్వాత వచ్చి చేరింది. ‘గేప్’ ఇంగ్లీషుకు పాత నార్స్ నుంచి వచ్చింది, అది స్కాండినేవియాలో పూర్వం మాట్లాడిన భాష. అక్కడ ‘గాపా’ అంటే నోరు బార్లా తెరవడం, ‘గాప్’ అంటే అగాధం. ఈ రెండో మాటే ఇంగ్లీషు ‘గ్యాప్’. కాబట్టి మీరడిగిన చుట్టరికం నిజమే, అదీ దగ్గరిదే. సృష్టికి ముందున్న శూన్యాన్ని నార్స్ పురాణాలు ‘గిన్నుంగగాప్’ అన్నాయి.

దాయాది భాషల్లో ఈ మాట తలో దారి పట్టింది. డచ్చి ‘గాపెన్’కు ముఖ్యార్థం ఆవులించడం. నెదర్లాండ్స్‌లో పాత మందుల కొట్ల ముందు నోరు తెరుచుకున్న తల బొమ్మ ఉండేది, కొన్నిటికి నాలుక మీద మాత్ర కూడా. ఆ బొమ్మ పేరు ‘గాపర్’. జర్మన్ ‘గాఫెన్’లో నోరు పోయి చూపే మిగిలింది: ప్రమాదం జరిగినచోట మూగి వింత చూసేవాళ్ళు ‘గాఫర్’లు.

‘అగాపే’కు దీనితో ఏ సంబంధమూ లేదు. అది గ్రీకు మాట, అర్థం ప్రేమ. చిక్కంతా స్పెల్లింగుతోనే. ‘నోరు తెరుచుకుని’ అనే అర్థంలో ఇంగ్లీషు మాట ‘అగేప్’. రెండింటి అక్షరాలూ ఒకటే, పలుకు వేరు. వాక్యంలో నోరో తలుపో ఉంటే ‘అగేప్’ అని చదువుకోండి.

ఇక తెలుగు. ‘నోరెళ్ళబెట్టు’ అంటే నోరు + వెళ్ళబెట్టు. వాడుకలో ‘వె’లోని వకారం జారిపోయి, ఉకారం లోపించి కలిసిపోయింది. విడదీసి రాయాలనుకుంటే ‘నోరు వెళ్ళబెట్టు’ అనాలి. ‘నోరు ఎల్లబెట్టు’ అని రాస్తే మాట మూలమే చెడుతుంది. ఇందులో ఆశ్చర్యం ఉంది, కాస్త వెర్రితనమూ ఉంది, ఒక్కోసారి చేతకానితనం కూడా: ‘లెక్క అడిగేసరికి నోరెళ్ళబెట్టాడు’ అంటే అతను అబ్బురపడ్డాడని కాదు, జవాబు లేదని. అందుకే ఇది మనుషులకే సరిపోతుంది. గాయమైతే ‘నోరు తెరుచుకుంది’. బొత్తాల మధ్య చొక్కా ‘విచ్చుకుంటోంది’. గూట్లో పిల్లలు తల్లి పక్షి రాగానే ‘నోళ్ళు తెరిచాయి’, అంతే. అవి ఆశ్చర్యపడటం లేదు, వాటికి ఆకలి. కోళ్ళ పెంపకం పుస్తకంలో ‘గేప్స్’ అని కనబడితే అది జబ్బు పేరు. గాలిగొట్టంలో ఎర్రటి పురుగులు చేరి, కోడిపిల్లలు మెడ చాచి నోరు తెరిచి ఊపిరికి తన్నుకుంటాయి.

నోటి ప్రసక్తి లేకుండా కళ్ళే పనిచేస్తే ఇంగ్లీషులో ‘స్టేర్’. మనకు ‘కళ్ళప్పగించి చూడటం’. ‘గుడ్లప్పగించి’ అంటే అందులో విసుగు కలుస్తుంది. మర్యాద తెలియని మొద్దు చూపును చెప్పే ‘గాక్’కు అదే దగ్గర. ‘అవాక్కయ్యాడు’ అన్నది ‘గేప్’కు సరిపోదు. వాక్కు లేకపోవడం దాని అర్థం, నోరు మూసుకుని కూడా అవాక్కవచ్చు.

ఆవులింత సంగతీ చెప్పాలి. ‘గేప్’, ‘యాన్’ (ఆవులించు) ఒకే ఇంటివని చాలామంది అనుకుంటారు గానీ, ‘యాన్’కు తేల్చి చెప్పగల బంధువు లాటిన్ నుంచి వచ్చిన ‘హయేటస్’ (ఖాళీ, విరామం). గ్రీకు నుంచి వచ్చిన ‘కేయాస్’నూ కొందరు ఈ ఇంట్లోనే చేరుస్తారు. కేయాస్ కూడా మొదట నోరు తెరుచుకున్న శూన్యమే, గందరగోళం అన్న అర్థం తర్వాతిది. మన ‘ఆవులించు’కు తమిళంలో తోబుట్టువు ఉంది: ఆవులింతను వాళ్ళు ‘కొట్టావి’ అంటారు. సంస్కృతంలో ఆవులింత ‘జృంభణం’. నోరు విప్పడం నుంచి విరియడం, విస్తరించడం దాకా ఆ ధాతువు అర్థం సాగింది. వానాకాలంలో పత్రికలు ‘విషజ్వరాల విజృంభణ’ అని రాస్తాయే, ఆ మాట లోపల ఉన్నది ఒక ఆవులింత.